వదిన లేహ్యం కంటే నాదే బాగుందన్నారు

ఆ పొద్దున నేను చెప్పుల కంపెనీకి బయలుదేరే వేళకే మా ఆయన మూడోసారి వేడినీళ్లు పోసుకుంటున్నారు. గుడియాత్తంలో లుంగీలు నేసే మనిషి, ఏనాడూ చన్నీళ్లు తప్ప ఎరగరు. "ఏంది ఇది?" అని అడిగాను. "పోసుకుంటేనే కడుపులో తిప్పేది నిలుస్తా ఉండాది. ఇంకో బిందె కాచు మే" అన్నారు. స్నానం ఆపగానే మళ్లీ వాంతి.

దీనికి ముందు సంగతి చెప్పాలి. మా అత్తగారింట్లో గంజాయి ఆకు పాతకాలపు మందు. పశువులు పారుకుంటే బెల్లంలో కలిపి పెట్టేవారట. ఆకలి లేనివాళ్లకు, నిద్ర పట్టనివాళ్లకు నేతిలో వేయించి లేహ్యం చేసేవారు. అది చేసే తీరు మా అత్త తన కూతురు సరోజకు నేర్పింది, కోడలినైన నాకు నేర్పలేదు. సరోజ వదినది పక్క వీధే. ఈయనకు కడుపు బాగాలేనప్పుడల్లా ఒక ఉండ పంపేది. "అక్క చెయ్యే చెయ్యి" అని ఈయన లొట్టలేసేవారు. పొద్దున్నే లేచి వండిపెట్టే నన్ను మాత్రం ఒక్క మాట మెచ్చుకోరు. నాకు ఒళ్లు మండేది.

ఒకసారి వదిన చేస్తుంటే పక్కన కూర్చుని అంతా చూసుకున్నాను. ఆమెకు ఆకు తెచ్చిచ్చే మనిషి దగ్గరే నేనూ తెప్పించుకుని, ఇంకాస్త ఎక్కువేసి చేశాను. ఈయన నోట్లో వేసుకుని, "అక్క దానికంటే నీదే బాగుండాదే!" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లకు! ఆ రోజు నుంచి అడక్కపోయినా రెండు పూటలా పెట్టాను. ఏడెనిమిది నెలలకు ఈ వాంతులు మొదలయ్యాయి.

వేలూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అడ్మిట్ చేసి డ్రిప్ పెట్టారు. "స్కాన్ నార్మల్, ఎండోస్కోపీ నార్మల్. నాటు మందులేమన్నా తింటారా?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది. లేదన్నాను. చెబితే లేహ్యం ఆపేయమంటుంది, నేను చేసింది తిని జబ్బు పడ్డాడని వదిన నవ్వుతుంది. అదే నా భయం.

ఇంటికొచ్చిన రెండు వారాలకే మళ్లీ అడ్మిషన్. ఈసారి వదిన మా ఇంట్లో నా లేహ్యం డబ్బా మూత తీసి వాసన చూసింది. "శాంతా, ఆకు జాస్తి అయినట్టుండాది. కొన్నాళ్లు నిలిపేయమ్మా" అంది. నాకు పేరొచ్చిందని ఓర్వలేకపోతోంది అనుకున్నాను. ఈయన ఇంటికి రాగానే, కడుపు కుదుటపడాలని ఇంకో ఉండ ఎక్కువే పెట్టాను. నా చేతులు విరగ!

మూడోసారి ఎమర్జెన్సీకి మోసుకుపోయాం. ఆయన మాట కూడా తడబడుతోంది. "పొటాషియం చాలా లో. హార్ట్‌కి డేంజర్" అన్నారు.

వేడినీళ్లు పోసుకుంటేనే వాంతి నిలుస్తుందని నేను చెప్పగానే డాక్టరమ్మ రాస్తున్న కాగితం పక్కన పెట్టింది. "గంజాయి వాడతారా?"

"బీడీ కూడా ముట్టనమ్మా" అన్నారు ఈయన. అబద్ధం కాదు. మాకు గంజాయి అంటే పొగ తాగేది, లేహ్యం అంటే మందు.

"తినేది కూడా లెక్కే. లేహ్యంలాగా ఏమన్నా?"

వదిన నా మొహం చూసింది. ముందుకొచ్చి, "నేనే చేసిచ్చినానమ్మా, తప్పు నాదే" అంది.

నన్ను కాపాడాలనే అంది. నాకేమో భగ్గుమంది. ఇన్నేళ్లూ మెప్పంతా తనదే, ఇప్పుడీ నింద మోసిన మంచితనం కూడా తనకేనా? "కాదు మేడమ్! చేసింది నేను. రెండు పూటలా పెట్టింది నేను" అని అరిచేశాను. నిజం చెప్పించింది మంచి బుద్ధి కాదు, ఆ ఏడుపే.

"కానబిస్ హైపరెమెసిస్ కావచ్చు, అంటే గంజాయి వల్ల వచ్చే వాంతులు. వేడినీళ్లకు తగ్గడం దీని గుర్తు. పూర్తిగా స్టాప్ చేయాలి. కొంచెం కూడా వద్దు" అంది డాక్టరమ్మ. రెండు రోజులు ఐసీయూ. ఆ తర్వాత కొన్ని వారాలు లేహ్యం లేక ఈయనకు నిద్ర పట్టలేదు, చిరాకుపడి నన్ను తిట్టని తిట్టు లేదు. వాంతులు మాత్రం మెల్లగా నిలిచాయి.

ఇప్పుడు ఏడాది దాటింది. మగ్గం పనికి పోతున్నారు. ఆదివారం వాళ్లక్క ఇంట్లో అన్నం రెండు ముద్దలు ఎక్కువే తింటారు. నాకు ఇప్పటికీ మండుతుంది. మండినా కూర్చుని వడ్డిస్తాను.

ఈ జబ్బుతో తిరుగుతున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో తినే ప్రతి డబ్బా, ఆకు, లేహ్యం చేతపట్టుకుని పోండి. ఎవరు చేసినా సరే, దాచకండి. మొదటిసారి అడిగినప్పుడే నేను అవునని చెప్పి ఉంటే, ఆయనను ఐసీయూ అద్దంలోంచి చూసే రాత నాకు పట్టేది కాదు.