రెండో కొసకు బొట్టు

మొన్న నిమ్మనపల్లె దగ్గర మా టమోటా తోటకు మందు కొట్టడానికి డ్రోన్ తెప్పించాం. దాన్ని గట్టు మీద దించీ దించకముందే తోట చూసుకునే ఆమె కుంకుమ భరిణెతో ఎదురొచ్చింది. ఆమె వేలు రెక్క మీదికి పోతుంటే "రెక్కకొద్దమ్మా, దాని ఒంటికి పెట్టు!" అని గట్టిగా అరిచాను. డ్రోన్ నడిపే అతను ఆశ్చర్యపోయి, "మీకెట్ల తెలుసు మేడమ్?" అన్నాడు. ఎట్ల తెలుసో చెప్పాలంటే పుంగనూరు దాకా పోవాలి.

మదనపల్లెలో లెక్కల టీచరుగా రిటైరయ్యాక నేను రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాల పిచ్చిలో పడ్డాను. ఈ వయసులో ఇదేమిటని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. ఒకసారి బి.కొత్తకోట బయళ్ళలో నా విమానం నేరుగా పోయి టమోటా మొక్కలకు ఆసరాగా నాటిన కట్టెల మధ్య దూరింది. ముక్కున గిర్రున తిరిగే రెక్క పురికొసలో చిక్కుకుని ఆగిపోయింది, లోపల మోటారులో రాగి తీగ చుట్లు కాలిపోయాయి. కొత్తది కొనుక్కోవచ్చు. కానీ నేను ఆ మోటారును రెక్కతో సహా ఊడదీసి, రుమాలులో చుట్టుకుని పుంగనూరు బస్సెక్కాను. మా నాయన తమ్ముడు, చిన్నాయన, ఆ ఊళ్ళో ఒకప్పుడు బోరు మోటార్లకు చుట్లు చుట్టేవాడు. కాలిన మోటారును వాసన చూసి జబ్బు చెప్పేవాడు. చేతులకు వణుకు రావడంతో షాపు షట్టరు దించేసి, ఇంట్లో కూర్చుని ఆ చేతుల వంకే చూసుకుంటున్నాడని తెలిసి నాకు మనసు ఊరుకోలేదు.

నిమ్మకాయంత మోటారును అరచేతిలో పెట్టుకుని నవ్వాడు. "దీంట్లో తీగ కన్నా నా వణుకే లావుగా ఉండాది గదమ్మా" అన్నాడు. అయినా వెనక్కి ఇవ్వలేదు. మోచేతులు బల్లకు ఆనించి, ఒక చుట్టు చుట్టి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఒక చుట్టు చుట్టాడట. పని పూర్తయిందని ఫోన్ చేసినప్పుడు మాత్రం గొంతులో నవ్వు లేదు. "ఇది బాగా తిరిగితే షట్టరెత్తుతా. లేదంటే ఇంగ రాగి తీగ ముట్టను" అన్నాడు. ఆదివారం కుప్పంలో ఈ విమానాల పిచ్చి ఉన్నవాళ్ళమంతా కలుసుకునేది ఉంది. శనివారం మోటారును పరీక్ష చేద్దామని వెళ్ళాను.

చిన్నాయన భార్య, మా పిన్నమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఇంట్లో ఆమె బొట్టు పెట్టని వస్తువు లేదు. ఫ్రిజ్‌కు, ఇన్వర్టర్‌కు, చివరికి నెల తిరక్కుండా వెనక్కి పోయే గ్యాస్ సిలిండర్‌కు కూడా బొట్టే. రెక్క తొడిగిన మోటారును చెక్కదిమ్మకు బిగించి, ఆమె పిండివంటలకు వాడే ఎలక్ట్రానిక్ త్రాసు మీద నిలబెట్టాను. రెక్క గాలిని పైకి తోస్తే దిమ్మ త్రాసును కిందికి నొక్కుతుంది, ఎంత బలముందో అంకె చెబుతుంది. ఆ అంకె విమానం బరువును దాటాలి. బ్యాటరీ తగిలించి మెల్లగా వేగం పెంచాను. మోటారు తిరిగింది గానీ దిమ్మంతా గజగజ వణికింది. త్రాసు మీద అంకెలు ఒకచోట నిలవలేదు. ఆపేశాను.

చిన్నాయన మోటారు వంక చూడలేదు. తన చేతుల వంక చూసుకుని, "నా వణుకే దానికీ వచ్చిండాది" అన్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన దాన్ని, చూడకుండా ఒప్పుకుంటానా? రెక్క ఊడదీసి, గోతాలు కుట్టే దబ్బనానికి గుచ్చి అడ్డంగా పట్టుకున్నాను. ఎన్నిసార్లు తిప్పినా ఒకే కొస కిందికి దిగి ఆగుతోంది. ఆ కొసన పిన్నమ్మ పొద్దున పెట్టిన బొట్టు. గంధంలో కలిపిన కుంకుమ ఎండి పెంకు కట్టింది.

"మోటారు మేలుగా ఉండాది చిన్నాయనా, బరువంతా ఈ బొట్టుది!" అంటూ గోటితో గీకబోయాను. పిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "యాడన్నా పెట్టిన బొట్టు తుడస్తారా? అదీ ఆయప్ప చేత్తో చేసిన దానికి?"

తుడవనివ్వదని అర్థమై, "సరే, రెండో కొసకూ పెట్టు" అన్నాను. ఆమె పెట్టడం, నేను దబ్బనం మీద చూడడం, ఎండే దాకా ఆగడం, చాలకపోతే ఇంకో చుక్క. చివరికి రెక్క ఎలా వదిలితే అలాగే నిలిచింది. ఈసారి మోటారు తిరుగుతుంటే దిమ్మ కదల్లేదు. అంకె విమానం బరువును దాటి నిలబడింది. చిన్నాయన కళ్ళజోడు పెట్టుకుని వంగి, "ఏమే, ఇంత లావు బొట్టా పెట్టేది?" అన్నాడు. అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు.

మరునాడు కుప్పంలో విమానం ఎగురుతుంటే ఆయన మెడ నొప్పెట్టే దాకా పైకే చూశాడు. సోమవారం షట్టరెత్తాడు. ఇప్పుడు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు, అయినా పొద్దునే షాపులో ఉంటాడు. నా విమానంలో ఇప్పటికీ ఆ మోటారే. కాలం ఆయన చేతుల్లో వణుకును పెంచుతూనే ఉంది గానీ, ఆ చేతులు చుట్టిన చుట్లలో ఒక్కదాన్నీ ఇంతవరకూ వదులు చేయలేకపోయింది.