డెల్బర్ట్ మణికట్టు

ఆ వసంతమంతా డెల్బర్ట్ ఫ్రై ప్రతి శుక్రవారం నా తుపాకుల కొట్టుకు వచ్చి, అద్దాల బీరువా మూడో అరలో ఉన్న పిస్తోలు చూపించమనేవాడు. నేను తాళం తీసి, తూటాలుండే మ్యాగజైన్ లాగేసి, లోపల తూటా లేదని అతని కళ్ళ ముందు చూపించి చేతికిచ్చేదాన్ని. పావుగంట సేపు అటు తిప్పి, ఇటు తిప్పి, బరువు చూసి, మళ్ళీ నా చేతికే ఇచ్చేసేవాడు.

"ఏం డెల్బర్ట్, పెళ్ళిచూపులు ఇంకా అవలేదా?" అనేదాన్ని.

"పిల్ల నచ్చింది. ఒళ్ళే కాస్త బరువు."

"నీ అందానికి ఇంతకంటే నాజూకు పిల్ల దొరుకుతుందా?"

"నోర్ముయ్ పిల్లా. కాఫీ ఉంటే పొయ్యి."

నాకు యాభై రెండేళ్ళు. ఆ ఊళ్ళో నన్ను పిల్లా అని పిలిచే మనిషి అతనొక్కడే మిగిలాడు. నాన్న ఈ కొట్టు నడిపే రోజుల్లో, నా పదో ఏట, నాకు గురి నేర్పింది కూడా అతనే. మా నాన్నకు ఓపిక తక్కువ. డెల్బర్ట్‌కు నోరు ఎక్కువే గాని ఓపికా ఉండేది.

ముప్పై ఎనిమిది శరదృతువులు అతను మెరిల్ నడిపే వేట శిబిరంలో వంటవాడు, కాపలాదారు. శిబిరం వయోమింగ్ కొండల్లో, కంచరగాడిదల మీద ఒక రోజు ప్రయాణం. తెల్లవారకముందే మెరిల్ వేటగాళ్ళను తీసుకుని వెళ్ళిపోతాడు. చీకటి పడేదాకా శిబిరంలో డెల్బర్ట్ ఒక్కడే. అతనితో పాటు చెట్లకు ఎత్తుగా కట్టిన దుప్పి మాంసం, ఆ వాసన పసిగట్టే గ్రిజ్లీ ఎలుగులు. చాలాసార్లు గిన్నెలు మోగించి తరిమాడు. రెండుసార్లు కాల్చాల్సి వచ్చింది. ఆ సంగతి ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. తన బిస్కట్లూ వాటి మీద పోసే పిండి పులుసూ గురించి మాత్రం ఊరు చెవులు చిల్లులు పడేలా చెప్పుకునేవాడు. భార్య లేదు, పిల్లలు లేరు. ఏడాదిలో రెండు నెలలు బతికి, మిగతా పది నెలలూ ఆ రెండు నెలల కోసం ఎదురుచూసే మనిషి.

ఆ జనవరిలో చిన్నపాటి పక్షవాతం తగిలింది. వంకరపోయిన మూతి వారానికే సర్దుకుంది. కుడి చెయ్యి కూడా దాదాపు సర్దుకుంది. ఆ 'దాదాపు' అన్న మాటను డెల్బర్ట్ లెక్కలోకి తీసుకోలేదు. ఎడమ చేతికి మూడు వేళ్ళే. మిగతా రెండూ కుర్రతనంలో బెదిరిన గాడిద తాడు మధ్య పడి తెగిపోయాయి. అంచేత భారం మోసేది ఎప్పుడూ కుడి చెయ్యే.

మెరిల్ చెడ్డవాడు కాడు. మే నెలలో డెల్బర్ట్ ఇంటికే వెళ్ళి ముఖం మీదే చెప్పాడు. "ఆగస్టు మొదటి శనివారం నా ముందు వరసగా ఆరు గుళ్ళు కాల్చి చూపించు. చూపిస్తే వంటగది నీది. లేకపోతే నిన్ను అక్కడ ఒంటరిగా వదిలి నేను నిద్రపోలేను."

డెల్బర్ట్ పాత రివాల్వర్‌కు ప్రతి గుండుకూ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాలి. ఆ బొటనవేలు ఇప్పుడు మాట వినడం లేదు. ఒకవేళ లాగి పేల్చినా, అది వెనక్కి తన్నే తన్నుకు చెయ్యి ఎగిరి చెవి దాకా వస్తోంది. మూడో అరలో పిస్తోలు కూడా అంతే పెద్ద తూటా కాలుస్తుంది, కానీ సెమీ ఆటోమేటిక్. తన్నులో సగం దాని పైభాగమే, ఆ స్లైడే, వెనక్కి కదిలి మింగేస్తుంది. తరువాతి తూటాను తనే ఎక్కించుకుంటుంది. మనం ట్రిగ్గర్ నొక్కితే చాలు. దాదాపు రెండు వేల డాలర్ల సరుకు. అంత పెట్టడం దండగా కాదా అన్నది ఊళ్ళో ఎవరికి వారు తీర్పు చెప్పిన సంగతి. నాకూ డెల్బర్ట్‌కూ మాత్రం తెలుసు, అతను కొనాలని చూస్తున్నది కొండల్లో ఇంకో సెప్టెంబరు.

"ఎలుగు మీద కొట్టే కారం స్ప్రే ఉందిగా, అది చాలదా?" అని అడిగాను ఒకసారి.

"ఉంది. పోయినేడు ఎదురుగాలికి కొట్టాను. ఎలుగు బాగానే ఉంది. నేనే రెండు రోజులు ఏడ్చాను."

జులై మధ్యలో, "కొనేముందు ఒకసారి కాల్చి చూస్తాను," అన్నాడు. కొట్టు మూసేసి, ఊరి చివర మట్టికట్ట ఉన్న మైదానానికి తీసుకెళ్ళాను.

మొదటి గుండు పేలింది. రెండోదానికి ఖాళీ తూటా బయటికి ఎగరకుండా స్లైడ్ మధ్య ఇరుక్కుని, పొగగొట్టంలా నిటారుగా నిలబడింది. లాగి పారేశాం. మళ్ళీ ఒక గుండు, మళ్ళీ ఇరుక్కోవడం. తూటాలు మార్చాం, మ్యాగజైన్ మార్చాం, నూనె వేశాం. ఏం చేసినా రెండోదో మూడోదో ఇరుక్కుంటూనే ఉంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ అతని మణికట్టు తడిసిన అట్టలా వెనక్కి మడుచుకుపోవడం నాకు పక్కనుంచి కనబడుతూనే ఉంది. ఈ రకం పిస్తోలుకు వెనక గట్టి చెయ్యి ఉండాలి. స్లైడ్ వెనక్కి పోయేటప్పుడు పిడి కూడా దానితో పాటే పోతే, పని సగంలో ఆగిపోతుంది. పిస్తోలులో ఏ లోపమూ లేదు.

డెల్బర్ట్ చెమట తుడుచుకుని పిస్తోలు నాకిచ్చాడు. "నువ్వు కాల్చు పిల్లా. చూద్దాం."

అప్పుడతని ముఖం చూశాను. చూడకుండా ఉండాల్సింది. పిస్తోలు ఎత్తి, గురి చూసి, కావాలనే మణికట్టు వదులు చేశాను. రెండో గుండుకు ఇరుక్కుంది. తీసి మళ్ళీ కాల్చాను, మళ్ళీ ఇరికించాను.

"దరిద్రపు పిస్తోలు!" అన్నాడు డెల్బర్ట్. ఆ గొంతులో ఎంత సంతోషమో. "రెండు వేల డాలర్లట! దీనికంటే నా ఉడతలు కొట్టే వడిసెల నయం!"

"తిప్పి పంపించేస్తాలే," అన్నాను నేను.

దారి పొడుగునా ఆ పిస్తోలు చేసినవాణ్ణి, వాడి తాతనూ తిట్టాడు. మర్నాటి నుంచి ఊరి హోటల్లో పొద్దుటి కాఫీల దగ్గర అదే కథ. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ ఓడని సాక్ష్యం చెప్పిందాన్ని నేనే. ఒక ముసలివాడి పరువు నిలబెట్టానని మొదటి రెండు రోజులు నా మీద నాకే ముచ్చటేసింది.

మూడో రోజు మెరిల్ ఫోన్ చేశాడు.

"రోండా, డెల్బర్ట్ అంటున్నాడు, చేతికేం రోగం లేదట, పిస్తోలే చెడ్డదట. నీ చేతిలో కూడా ఇరుక్కుందట గదా?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"పాత రివాల్వరే పట్టుకొస్తానంటున్నాడు. నీ మాట మీద నాకు గురి. చెయ్యి బాగుందని నువ్వంటే పరీక్షా గిరీక్షా వదిలేస్తాను. ఏమంటావ్?"

"రేపు పొద్దున హోటల్లో చెబుతాను," అని పెట్టేశాను. నా అబద్ధం అప్పుడే కాళ్ళు తొడుక్కుని కొండ ఎక్కడానికి తయారైంది.

ఆ సాయంత్రమే డెల్బర్ట్ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని, నోటితో తోలు పట్టీ పట్టుకుని, మూడు వేళ్ళ చేత్తో జీను కుడుతున్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను. "ఆ రోజు నేను కావాలనే ఇరికించాను డెల్బర్ట్. పిస్తోలు మంచిదే."

అతను సూది గుచ్చిన చోటే ఆపాడు. నోట్లో పట్టీ తీశాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నీకు పట్టు నేర్పినవాణ్ణి నేను. నలభై రెండేళ్ళలో నీ మణికట్టు ఎప్పుడు వంగిందే? మొదటి గుండుకే తెలిసిపోయింది."

"మరి ఊరంతా ఎందుకు టముకు వేశావ్?"

"చెప్పగా చెప్పగా నేనూ నమ్ముతానేమోనని."

సూది వదిలేసి జీను పక్కన పెట్టాడు. నేనెన్నడూ ఎరగని గొంతుతో అడిగాడు. "మెరిల్‌కు చెప్పకు. ఈ ఒక్క సీజనే. వచ్చే ఏడు నేనే మానేస్తాను."

"ఎలుగు వస్తే?"

"ఎలుగైతే ఒక్క నిమిషంలో తేల్చేస్తుంది. ఇక్కడ ఈ కుర్చీ నన్ను ఎన్నేళ్ళు తింటుందో నీకేం తెలుసు?"

"నేను చెప్పకుండా ఉండలేను డెల్బర్ట్. నిన్ను ముక్కలుగా దింపుకొస్తే నేను చూడలేను."

"చూడలేకపోతే కళ్ళు మూసుకో," అన్నాడు. ఆపై జీను వైపు తిరిగిపోయాడు. "పో రోండా."

పిల్లా అనలేదు. ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. అతని మీద జాలితో సగం, నా మీద కోపంతో సగం.

పొద్దున హోటల్లో పొడుగు టేబుల్ దగ్గర ఎప్పుడూ ఉండే ఆరుగురూ ఉన్నారు. మెరిల్ ఉన్నాడు. డెల్బర్ట్ కూడా వచ్చి తన చోట కూర్చుని, ఎప్పటిలాగే మాంసం, గుడ్లు చెప్పాడు. మెరిల్ నావైపు చూసి నోరు తెరవబోయాడు. నాకంటే ముందు డెల్బర్టే అందుకున్నాడు.

"దాన్నేం అడక్కు. పిస్తోలుకేం రోగం లేదు. రోగం దీనికి." కుడి చెయ్యి ఎత్తి టేబుల్ మీద పెట్టాడు. "నా పరువు కోసం ఆ పిచ్చిది అబద్ధమాడింది. నేను ఆ అబద్ధాన్ని ఊరంతా మోశాను. రివాల్వరూ కాల్చలేను, పిస్తోలూ కాల్చలేను. వంటకు ఇంకొకణ్ణి చూసుకో."

ఆ టేబుల్ సంగతి మీకు తెలియదు. మనిషిని పాడె మీద పెట్టినా వెక్కిరించకుండా వదలని జనం. మెరిల్ పెళ్ళాం లేచిపోయిన మర్నాడు కూడా అక్కడ నవ్వులే. డెల్బర్ట్ ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఎవడో ఒకడు ఇప్పుడు ఏదో అంటాడని, అంటే వాడి తాతల దాకా తిట్టడానికి సిద్ధంగా ఉన్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. కళ్ళు దించుకుని కాఫీలు కలుపుకున్నారు.

డెల్బర్ట్ పళ్ళెం వచ్చింది. మెరిల్ దాన్ని నెమ్మదిగా తన ముందుకు లాక్కున్నాడు. కత్తి తీసుకుని మాంసం చిన్న చిన్న ముక్కలుగా కోశాడు. కోసి, మళ్ళీ డెల్బర్ట్ ముందుకు జరిపాడు. ఏ దురుద్దేశమూ లేదు. పసివాడికి తండ్రి చేసినంత శ్రద్ధగా చేశాడు.

డెల్బర్ట్ ఆ పళ్ళెం వైపు కాసేపు చూశాడు. "బాగా కోశావు," అన్నాడు. టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

పిస్తోలు ఆ వారమే అమ్ముడుపోయింది. డెల్బర్ట్ బదులు శిబిరానికి వెళ్ళే మనిషి కోసం మెరిలే కొన్నాడు. ఒక్కసారి కూడా ఇరుక్కోలేదని చెబుతాడు.

మెరిల్‌కు చెప్పేస్తానని పట్టుబట్టడం తప్పని ఇప్పటికీ అనుకోను. ఏ ఎలుగూ డెల్బర్ట్‌ను చంపలేదు. ఆ తరువాత ఇంకా నాలుగేళ్ళు బతికాడు. రోజూ పొద్దున హోటల్‌కు వచ్చి తన చోటే కూర్చునేవాడు. ఎవరెంత బలవంతపెట్టినా తినడానికి మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు, వట్టి కాఫీ తాగి వెళ్ళేవాడు.