కినుయె పేరు లేని చీటీల డబ్బా

ఆ కొండగట్టు మీద సాయంత్రం ఎవరెక్కడ నిలబడాలో చీటీలు తీసి తేల్చుకుంటారు. కింద చెరువులోంచి లేచిన అడవి బాతులు పొలాల్లో మేతకు పోతూ గట్టు దాటుతాయి. దాటే ఆ కాసేపట్లోనే పొడవాటి కర్రకు బిగించిన వలను పైకి విసరాలి. మంచి చోటు దక్కితే సగం వేట అయిపోయినట్టే.

భర్త పోయాక ఆయన వలా, వేటగాళ్ల సంఘంలో సభ్యత్వమూ కినుయెకు వచ్చాయి. చందా కట్టించుకున్నారు, దారిలో పొదలు కొట్టడానికి పిలిచారు. డబ్బాలో ఆమె చీటీ మాత్రం వేయలేదు.

"నువ్వా చివర నిలబడు వదినా, ఎక్కే శ్రమ తప్పుతుంది," అన్నాడు సంఘం పెద్ద గెన్‌పాచి. బాతును పట్టే శ్రమ కూడా తప్పుతుందని అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి కినుయె కిక్కురుమనలేదు.

ఈ చలికాలం మొదట్లో మాత్రం అడిగేసింది.

"నా చీటీ ఎప్పుడేస్తారు పెద్దాయనా?"

"ఆ చివర్నించి ఒక్క బాతును దించు, నీ చీటీ పడ్డట్టే."

"ముందు బాతులకి ఆ మూలకి దారి చెప్పు అత్తా!" అన్నాడు షుంసాకు అనే ఆయన మేనల్లుడు. అందరూ నవ్వారు.

వేటకాలం చివరి సాయంత్రం వచ్చేసింది. ఆమె వలలో అప్పటిదాకా ఈక కూడా పడలేదు.

కినుయె చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని చెరువుకేసి చూస్తోంది. ఒడ్డున చెదిరి ఉన్న బాతులు నడిమధ్యకు చేరాయి. ముక్కులన్నీ గాలికి ఎదురు తిరిగాయి. ఇవాళ గాలి ఆమె వైపు నుంచే వీస్తోంది. మెడలు నిక్కాయి, అరుపులు ఆగాయి. ఆ నిశ్శబ్దమంటేనే ఆమెకు భయం. అవి చెవులొగ్గి వింటున్నాయన్నమాట. ఎవరు దగ్గినా వలకందనంత ఎత్తున పోతాయి. ఆమె ఊపిరి కూడా మెడగుడ్డలోకే వదిలింది.

ముందు రెండే లేచాయి. అవి దారి చూసిపోయే బాతులు. వాటి జోలికి పోకూడదు, గుంపు వెనక వస్తుంది. మంచి చోట నిలబడ్డ షుంసాకు ఆగలేక వాటి మీదికే వల విసిరాడు. కర్ర కొమ్మకు తగిలి ఠపీమంది. లేస్తున్న గుంపు ఒక్కసారిగా పక్కకు తిరిగింది.

"చెడగొట్టావు కదరా వెధవా!" గెన్‌పాచి అరిచాడు.

బెదిరిన బాతు గాలికి ఎదురుగానే పైకి లేస్తుంది. అంటే తన మీదికే. కినుయె లేచి కర్ర బిగించి పట్టుకుంది. చీకట్లోంచి రెక్కల చప్పుడు ముందు వచ్చింది. కనబడేదాకా ఆగితే ఆలస్యమే. చప్పుడు మీదికే వల ఎగరేసింది. వల ముడుచుకుని పొదల్లో పడింది. పరుగెత్తి తడిమింది. చేతికి వెచ్చగా, గిలగిల కొట్టుకుంటూ, బాతు.

గెన్‌పాచి టార్చి వేసి చూశాడు.

"వీడు బెదరగొట్టబట్టి పడింది."

"పడిందా లేదా పెద్దాయనా?"

"వచ్చే ఏడు చూద్దాంలే వదినా."

"చూసేదేముంది? మాటిచ్చారు."

ఎవరూ బదులివ్వలేదు. తలలు వంచుకుని వలలు చుట్టుకున్నారు.

ఆ బదులు రాబట్టాల్సింది మనమే. చలికాలంలో ఈ సంఘం వాళ్లు పట్టిన వలబాతు కూర కోసం ఆ ఊరి భోజనశాలలకు వెళ్లే అయ్యలారా, అమ్మలారా, గిన్నె ముందుకు రాగానే చెయ్యి పెట్టకండి. సంఘం వాళ్లు పక్క బల్ల దగ్గరే కూర్చుని తాగుతుంటారు. వాళ్లకు వినబడేలా అడగండి: "కినుయె చీటీ వేశారా?" వేయలేదంటే గిన్నె వెనక్కి పంపేయండి.