సుశీలక్క విప్పిన ఊలు

కార్తీకం వానలకు ట్రంకుపెట్టెలోకి చెమ్మ దిగినట్టుంది. పొద్దున మూత ఎత్తగానే తడిసిన గొర్రె వాసన గుప్పుమంది. తిరుపతి ఉక్కలో ఉన్నిబట్టలు ఎవరు దాచుకుంటారు? నేను దాచుకున్నాను. ఒక శాలువా, ఒక స్వెట్టర్. రెండూ తీసి మధ్యగోడ మీద ఆరేసి అక్కడే నిలబడిపోయాను. ఆ గోడ అవతల ఇప్పుడు వేరేవాళ్ళు ఉన్నారు. ఒకప్పుడు సుశీలక్క ఉండేది.

పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి నేను తిరుపతి కొర్లగుంటలో ఈ ఇంటికి కాపురానికి వచ్చింది డెబ్భైల మొదట్లో. అప్పటికి అక్కకు నలభై దాటి ఉంటాయి. ఒక్కతే. మండే ఎండల్లో కూడా వసారాలో కూర్చుని రెండు సూదులు ఆడిస్తూ ఊలు అల్లుతుండేది. ఈ వేడిలో ఇదేం పిచ్చో అనుకునేదాన్ని. మా అత్త చెప్పింది, ఆమెకు వయసులో క్షయ వచ్చిందట, ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పడుకుందట, నయమై వచ్చినా మొగుడు ఇంట్లోకి రానివ్వలేదట. పుట్టింటివాళ్ళు ఈ గది చూపించి చేతులు దులుపుకున్నారు. పడక మీద ఊరికే పైకప్పు చూస్తూ ఉండొద్దని అక్కడి నర్సు నేర్పిన పని ఈ అల్లిక. వీధిలో ఎవరూ ఆమె చేతి వస్తువు ముట్టరు. అది ఆమెకూ తెలుసు. కరివేపాకు రెబ్బ ఇవ్వాలన్నా చేతికి ఇచ్చేది కాదు, గోడ మీద పెట్టి వెనక్కి జరిగేది.

మా ఆయన కొండకు బస్సు నడిపేవాడు. ధనుర్మాసంలో తెల్లవారుజామున తలగుడ్డ చుట్టుకుని వణుకుతూ పోయేవాడు. ఒకరోజు గోడ మీద ఇటుకరంగు స్వెట్టర్ ఉంది. తీగ మీద ఆరే ఆయన ఖాకీ చొక్కాను చూసి కంటితోనే కొలత పట్టిందట అక్క. ముట్టుకోవాలా వద్దా అని నేను చూస్తుండగానే ఆయన వచ్చి, తల దూర్చి తొడుక్కుని, గోడ అవతలికి వంగాడు.

"చంకలో రవంత బిగువుగా ఉండాదక్కా."

బాగుందని అన్నా అక్క అంత సంతోషపడేది కాదేమో. ఒకరు తొడుక్కుని చెప్పిన వంక కదా అది. విప్పించుకుని చంకలు వదులు చేసి మళ్ళీ గోడ మీద పెట్టింది.

చలికాలమంటే ఆయనకు ఆ స్వెట్టరే. ఒక పుష్యమాసం పొద్దున డిపోలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో ఆ తొందరలో స్వెట్టర్‌ను ముందువైపు నిలువునా కత్తిరించారు. మనిషి దక్కలేదు. బట్టల మూటలో అది ఇంటికి వచ్చింది. కర్మ రోజున ఆయన బట్టలన్నీ చాకలికి ఇచ్చేశారు. ఇది మాత్రం చాకలికి కూడా వద్దు, కాల్చాలంది మా అత్త.

"ఆ రోగిష్టిదాని చేతిది తొడిగినాడు, పోయినాడు. ఇంకా ఇంట్లో పెట్టుకుంటావామ్మే?"

గుండెకూ క్షయకూ పొత్తు లేదని వాదించే చదువు నాకు లేదు. ఆయన ఒంటిమీద చివరగా ఉన్న గుడ్డ అదని మాత్రం తెలుసు. కొంగులో చుట్టుకుని పెరట్లోకి పోయాను. అక్క గోడ అవతల నిలబడి ఉంది. అత్త మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయి.

"కాల్చనీ రెడ్డెమ్మా. నా చేతిది మీకు అచ్చిరాలేదు."

"కుట్టియ్యక్కా" అన్నాను.

కోసిన అంచును వేలితో తడిమి చూసింది. పోగులు జారిపోతున్నాయి. "ఇది కుట్టేదానికి కాదు. విప్పాల. చేతులు చాపు" అంది.

మొగుడు పోయిన కొత్తలో ఆడది ఇంకొకరి గడప తొక్కకూడదు. అక్క సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎవరి గడపా తొక్కదు. అందుకని గోడకు చెరోవైపు నిలబడి, చాపిన నా చేతులకు ఆమె ఊలు చుడుతూ పోయింది. వెనకవైపు ఊలు సాఫీగా వచ్చింది. ముందువైపుది తెగి మూరెడు మూరెడు ముక్కలుగా రాలింది. ముక్కకూ ముక్కకూ ముడి వేసింది. గోరువెచ్చని నీళ్ళలో తడిపి, అడుగున చెంబు కట్టి వేలాడదీసింది. బరువు లేకపోతే పాత అల్లిక వంకర పోదట.

అత్త చూసింది. ఆ ఊలు ఉన్న ఇంట్లో తను ఉండనంది. నేను వదల్లేదు. ఆమె చిత్తూరులో చిన్నకొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్లలు లేని ఇల్లు. పేరంటాల పిలుపులు అప్పటికే ఆగాయి, ఇక కుళాయి దగ్గర పలకరింపులూ ఆగాయి. ఇంట్లో ఒక మాట వినబడాలంటే నాతో నేనే మాట్లాడుకోవాలి.

అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చిన నాకు, ఆ ఊలుతోనే శాలువా అల్లుకొమ్మని అక్క సూదులు పట్టించింది. నేను భయానికి పోగు బిగించేసేదాన్ని, సూది దిగేది కాదు. "ఎవురూ లాక్కోరులే, వదులుగా పట్టు" అనేది. ఎక్కడో ఒక పోగు జారవిడిచి కనబడకుండా దాచబోతే, ఆమె వేలు నేరుగా అక్కడికే పోయేది. సర్రున లాగేసేది. రోజంతా అల్లింది కళ్ళముందే పోతుంటే నాకు ఏడుపొచ్చేది.

"సూడు, ఊలు యాడికీ పోలేదు కదమ్మే."

ఆ ఓపిక ఆమెకు ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. చంటిబిడ్డను మొగుడింట వదిలి ఆసుపత్రికి పోయిందట. పడక మీదే ఆ బిడ్డకు గులాబిరంగు స్వెట్టర్ అల్లి పంపింది. వద్దని తిప్పి పంపారు. అప్పటినుంచి ఏటా దాన్ని విప్పి, కొంచెం ఊలు కలిపి, ఆ ఏటి వయసుకు సరిపడా మళ్ళీ అల్లేది. పంపేది కాదు. కూతుర్ని చూసే వీలులేదు కనుక నేను సూదులు పట్టాక కొలత నామీద తీసేది. "నిటారుగా నిలబడు మే, నా బిడ్డది నీ ఈడే" అంటూ గోడ మీదుగా నా వీపుకు ఆనించేది. బిడ్డ ఎదిగే వయసు దాటినా ఆపలేదు. ఈ ఏడు కాన్పు అయ్యుంటుంది, ఒళ్ళు చేసుంటుంది అని వదులు చేసేది. వస్తే తొడుక్కుంటుందా అని ఒకసారి అడిగాను. తొడుక్కునేది ఆమె ఇష్టం, కొలత మాత్రం తప్పకూడదు అంది.

ఎనభైల చివర్లో అక్క మంచాన పడింది. అప్పటికి నేను గోడ చుట్టు తిరిగి ఆమె గడప తొక్కడం మొదలుపెట్టి చాలాకాలమైంది. ఆ ఏటి గులాబి స్వెట్టర్‌కు ఒక చెయ్యి ఇంకా మిగిలి ఉంది. సూదులతో సహా తీసి నాకు ఇచ్చింది. చేతికే ఇచ్చింది.

"మిగిలిన చెయ్యి నువ్వు అల్లు. వస్తే ఇయ్యి. రాకపోతే అది నీ కొలతే కదా."

ఆమెను కాటికి తీసుకుపోయిన రోజు వచ్చిన ప్రతి ఆడమనిషి ముఖమూ చూశాను. ఆమె పోలిక ఒక్కరిలోనూ కనబడలేదు.

ఇటుకరంగు శాలువాలో ముడులన్నీ లోపలివైపే ఉన్నాయి, కప్పుకుంటే వీపుకు తగులుతుంటాయి. గులాబి స్వెట్టర్ చెయ్యి పూర్తిచేశాను. ఒక్కసారీ తొడుక్కోలేదు. ఏటా నా వీపుకు నేనే ఆనించుకుని, నిటారుగా నిలబడి కొలత చూస్తాను. ఈ ఏడు ఎంత నిలబడినా వెనకవైపు పైకి లేచిపోతోంది. అక్క బిడ్డదీ నా ఈడే, ఆమెకూ నడుం వంగి ఉంటుంది. రేపు ఎండ కాస్తే విప్పాలి, వెనక కొంచెం పొడవు పెట్టాలి.