వీధి వెడల్పయ్యాక

మేడ మీది టైలరమ్మకు కళ్ళు కుట్టు మీద ఉంటే, చెవులు ఎదురింటి కిటికీలో ఉండేవి. ఆ వీధి అంత ఇరుకు. కింద రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సిందే. పైన మాత్రం కత్తెరా, కూర గిన్నే కర్ర చివర వేలాడుతూ కిటికీలోంచి కిటికీలోకి తిరిగేవి. చుట్టరికం లేకపోయినా ఎదురింటావిడను ఆమె వదిన అనేది. భర్త పోయిన ఏడాది టైలరమ్మ నోరు మూగబోతే, అవతలి నుంచి పొద్దస్తమానం వాగి వాగి ఆమెను మళ్ళీ మనుషుల్లో పడేసింది ఆ వదినే.

తర్వాత వీధిని వెడల్పు చేస్తామన్నారు. ఎదురు వరుస మొత్తం పోయింది. నగిషీల చెక్క వసారాలు, నీలం తలుపులు, మూలనున్న రొట్టెల కొట్టు, అన్నీ చూస్తుండగానే నేలమట్టమయ్యాయి. వదిన ఊరి చివర కూతురి ఫ్లాట్‌కు వెళ్ళిపోయింది. ఆ స్థలంలో అద్దాల భవనం లేచింది. తలెత్తితే టైలరమ్మకు అందులో మిషను ముందు వంగి కూర్చున్న తనే కనిపించేది.

ఉండబట్టలేక ఒక ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళింది. వదిన గుమ్మంలోనే వాటేసుకుంది. సోఫాలో పక్కపక్కన కూర్చున్నాక ఇద్దరికీ మాట పెగల్లేదు. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడు కూర్చున్నారు గనక!

"బాగున్నావా వదినా?"

"ఆఁ, నాకేం!" వదిన గొంతుకు గది దద్దరిల్లింది.

"అమ్మా, మెల్లగా! పక్కవాళ్ళు వింటారు," అంది లోపల్నుంచి కూతురు.

వదిన ముఖం చిన్నబోయింది. "చూశావా, ఇక్కడ గోడలకి చెవులే. నోరున్నా బాగుండు, కాస్త కబుర్లాడేవి." టైలరమ్మను మోచేత్తో పొడిచింది. "నువ్వెళ్ళి ఆ బాల్కనీలో నిలబడవే. నేను వంటింట్లో ఉంటా."

అప్పుడుగాని మాటలు రాలేదు. వచ్చాక ఆగలేదు. రొట్టెల కొట్టువాడి పిసినారితనం దగ్గరికొచ్చేసరికి, తల పట్టుకున్న కూతురు కూడా నవ్వేసింది.

కొన్ని ఆదివారాలు అలా గడిచాయి. ఆపైన కూతురికి దూరపు ఊరికి బదిలీ అయింది. వదిన అప్పుడప్పుడు ఫోన్ చేసేది గాని, చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడటం ఆవిడ వల్ల కాలేదు. రెండు మాటలకే "సరే, ఉంటా మరి" అనేసేది.

టైలరమ్మ మిషను వెనక గదిలోకి జరిపించుకుంది. అక్కడ ఎదురుగా ఒట్టి గోడే, పగలే లైటు వెయ్యాలి.

"అంత వెలుతురున్న ముందు గది వదిలేసి ఇక్కడెందుకండీ?" అని అడిగింది కొలతలివ్వడానికి వచ్చినావిడ.

"ముందంతా రోడ్డు గోలండీ," అంది టైలరమ్మ, దారం పంటితో తెంపుతూ.

ఆ గోల వెనక గదిలోకీ వినబడుతూనే ఉంది.