నిండు పెట్టెతో నాలుగడుగులు

ఇప్పుడే ఒక సూట్‌కేసు గరగరమంటూ దిల్‌సుఖ్‌నగర్‌లోని నా దుకాణం ముందు నుంచి పోయింది. తల ఎత్తకుండానే చెప్పగలను: అరిగింది ఒక్కవైపు చక్రమే, రబ్బరు పొర లేచిపోయింది, ఇంకో వారం ఆగితే ఇరుసునూ తినేస్తుంది. ఈ చెవి నాకు పుట్టుకతో రాలేదు. యాదమ్మక్క ఇచ్చింది.

యాదమ్మక్కది నల్లగొండ దగ్గర పల్లె. భర్త పోయాక ఆయన బ్యాగుల రిపేరు దుకాణాన్ని తానే నడిపింది. గుంటూరు నుంచి కాపురానికి వచ్చిన నేను, ముప్పై రెండేళ్ల వయసులో ఆమె దగ్గర జిప్పులు కుట్టే పనికి చేరాను. చక్రాల పని నేర్పమని ఆరు నెలలు వెంటపడ్డాను. ఆమెకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. చివరికి ఒకరోజు, పాత ఇరుసును రంపంతో కోయడం, కొత్త చక్రానికి అటొకటి ఇటొకటి వాషర్ వేసి బిగించడం, ఒకటే అరిగినా రెండూ మార్చడం చూపించింది. తర్వాత పెట్టెలో ఇరవై కిలోల బియ్యం సంచి వేసి, గల్లీ చివరిదాకా లాక్కుపొమ్మంది.

"బాగానే తిరుగుతోంది కదక్కా, బియ్యమెందుకు?" అన్నాను.

"ఖాళీ పెట్టె ఎట్లైన ఉరుకుతది. మంది ఖాళీ పెట్టె పట్టుకొని ఊరికి పోతరా?"

అప్పటినుంచి చక్రాలు మార్చిన ప్రతి పెట్టెకూ ఇదే పరీక్ష. గల్లీలోవాళ్లు "ఏందమ్మా, బియ్యాన్ని షికారుకు తీస్కపోతున్నవా?" అని నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

పెళ్లిళ్ల రోజుల్లో ఒకనాడు అక్క దవాఖానకు వెళ్లింది. అప్పటికి దుకాణమంతా నాదే అన్నంత ధీమా నాకు. పోచంపల్లి చీరలు అమ్మే లక్ష్మిగారు, చక్రాలు మార్చమని పొద్దున ఇచ్చిన పెద్ద సూట్‌కేసు కోసం వచ్చారు. కుడి భుజానికి ఆపరేషన్ అయ్యాక ఒంటరిగా చేస్తున్న మొదటి ప్రయాణమట. "ఎత్తుడు నాతోటి కాదమ్మా, గుంజుడే. నాలుగింటికి ఎల్‌బీ నగర్‌ల విజయవాడ బస్సు ఎక్కాలె" అన్నారు. చుట్టూ జనం. నేను బిగించిన కొత్త చక్రాలను వేలితో గిర్రున తిప్పి చూపించి ఇచ్చేశాను. బియ్యం సంచిని ముట్టుకోలేదు.

మూడింటికి అక్క వచ్చి, బల్ల మీద రెండు వాషర్లు చూసింది. "గివేంది, మిగిలినయ్?" అంది. అవి లక్ష్మిగారి పెట్టెలో వేయాల్సినవి. వాషర్ లేకపోతే బరువు పడగానే చక్రం పక్కకు జరిగి పెట్టెను రాసుకుంటుంది, ఆ తర్వాత తిరగనే తిరగదు.

వాషర్లు, పానాలు సంచిలో వేసుకుని, "ఎల్‌బీ నగర్‌కు మీరు కూడా రండక్కా" అని బతిమాలాను.

"నేనొస్తే నువ్వు నా ఎనుక దాస్కుంటవ్. నువ్వే పో. ఏం మర్చిపోయినవో నీ నోటితోటి చెప్పు."

మెట్రోలో నిలబడి ఎన్ని అబద్ధాలు అల్లుకున్నానో! చక్రంలోనే లోపమని చెబుదామా, ఇది మా ఉచిత సర్వీసు అందామా అనుకున్నాను. ఎల్‌బీ నగర్‌లో బస్సులు ఆగేచోట లక్ష్మిగారు కనిపించారు. ఎడమచేత్తో పెట్టెను రెండడుగులు గుంజడం, ఆగడం, కుడి భుజం పట్టుకోవడం. ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక అల్లుకున్నవన్నీ ఎగిరిపోయాయి.

"తప్పు నాదేనండి. వాషర్లు వేయడం మర్చిపోయాను. బరువు పెట్టి చూడకుండా ఇచ్చేశాను."

ఆవిడ తిట్టలేదు.

"పెట్టె మంచిగనే ఉన్నదనుకున్న. నాకే ఇగ చాత కాదనుకున్న. చీరల పని మా మరిదికి అప్పజెప్పి ఇంట్ల కూసుందామని, మర్లిపోను ఆటో చూస్తున్న."

సిగ్గుతో నా ముఖం మండిపోయింది. పెట్టెను ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టి మరలు విప్పాను. వాషర్లు వేసి బిగించడం ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల పని నేను మర్చిపోవడం వల్ల ఒక మనిషి బతుకుతెరువే వదులుకోబోయింది. చీరలతో నిండిన ఆ పెట్టెను లక్ష్మిగారు ఒంటిచేత్తో బస్సుదాకా నడిపించుకుంటూ వెళ్లారు. నన్ను చెయ్యి వేయనివ్వలేదు.

తిరిగొచ్చి జరిగిందంతా చెబితే, అక్క "తిన్నవా?" అని మాత్రం అడిగింది.

అక్క పోయి రెండేళ్లయింది. దుకాణం నేను నడుపుతున్నాను, బాగానే నడుపుతున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. ఆమె లేని లోటు మాత్రం రోజూ తెలుస్తూనే ఉంటుంది. బాగుచేసిన పెట్టెతో ఎవరైనా తిరిగొచ్చి, "నేనే సామాను ఎక్కువ కుక్కానేమో, నాకే లాగడం రావట్లేదేమో" అని నసుగుతుంటారు. వాళ్లను ఆ మాట పూర్తిచేయనివ్వను.

"ముందు నా పని చూడనివ్వండి" అంటాను.