నా జుట్టు పట్టుకున్న మనిషి

అరవైల చివర, పెళ్ళయిన కొత్తలో, మా ఆయనా నేనూ కళింగపట్నం సముద్రం పక్క సరుగుడు తోటలో గుడారం వేసుకుని నాలుగు రోజులున్నాం. పొద్దున్నే పరుగు, ఆపైన ఈత. సరదా ఆయనది, ఒళ్ళు హూనమైంది నాకు. చివరి రోజు నన్ను కెరటం లాక్కుపోయింది. కళ్ళు తెరిచేసరికి ఒడ్డున ఆయన ఒళ్ళో ఉన్నాను.

తిరుగు బస్సులో, తాను ఈదుకెళ్ళి నన్నెలా కాపాడారో పక్క సీటాయనకి చెబుతున్నారు. మా వెనక ఎండుచేపల గంపతో కూర్చున్న ముసలామె పకపకా నవ్వింది.

"నువ్వేటి కాపాడినావు బాబూ? కెరటం సూసి ఒడ్డుకి పరిగెట్టీసినావు. ఈయమ్మని జుత్తట్టుకు లాగింది నాను."

లేచి నా ముడి పట్టుకుని, ఎలా లాగిందో బస్సులో అందరికీ చూపించింది. అందరూ నవ్వారు. శ్రీకాకుళం దాకా ఆయన కిటికీలోంచి తల తిప్పలేదు.

ఇన్నేళ్ళయినా, ఇంటికి చుట్టాలొస్తే ఆయన ఆ కథ మొదలెడతారు. నేను కాదనను. ఆయనకి ఎదురుగా కూర్చుని, ముడి విప్పి, నెమ్మదిగా మళ్ళీ చుట్టుకుంటాను.

కథ కెరటం దగ్గరికొచ్చి ఆగిపోతుంది. అందులో ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా నీళ్ళలోకి దిగలేకపోయారు.